వెనక బరువు లెక్క తేలాకే ఫోర్కులు
(యంత్ర సేద్యం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

పాత ట్రాక్టరును ఫోర్క్‌లిఫ్టుగా మార్చుకోవడం గురించి, అంటే ఫోర్కులనే రెండు ఇనుప కొమ్ముల మీద బరువును లేపి మోసే బండిగా చేయడం గురించి, ఈ నెల ఐదు ఉత్తరాలు వచ్చాయి. రొయ్యల గుంటల నుంచి ఒకటి, బియ్యం మిల్లు నుంచి ఒకటి, పొగాకు గోదాము నుంచి ఒకటి, చీమకుర్తి రాతి పనుల నుంచి ఒకటి, కావలి నుంచి ఒక తల్లి రాసినది ఒకటి. నెల్లూరులో ముప్పై ఏళ్ళకు పైగా ట్రాక్టర్ల మరమ్మతు షెడ్డు నడిపినవాడిని కాబట్టి ఈ మార్పులు బాగా కుదిరినవీ చూశాను, కుదరక మనుషుల ప్రాణాల మీదికి తెచ్చినవీ చూశాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మాది విడవలూరు మండలం. రొయ్యల గుంటలు సాగు చేస్తున్నాము. ఒకప్పుడు దమ్ముకు వాడిన 35 హార్స్‌పవర్ ట్రాక్టరు ఇప్పుడు ఖాళీగా ఉంది. మేత 25 కిలోల బస్తాల్లో వస్తుంది. ముఠా కూలీలు దొరకని రోజున బస్తాలు గట్టు మీదికి చేర్చడం పెద్ద యాతన అవుతోంది. ట్రాక్టరు వెనక లింకులకు (నాగలి తగిలించే చేతులకు) ఫోర్కులు బిగించి, చెక్క ప్యాలెట్ (బస్తాలు పేర్చే చెక్క బల్ల) మీద 40 బస్తాలు ఒకేసారి మోయించాలని ఉంది. ట్రాక్టరు పుస్తకంలో లిఫ్టు సామర్థ్యం 1,100 కిలోలని రాసి ఉంది కాబట్టి వెయ్యి కిలోలకు సరిపోతుందని మెకానిక్కు అంటున్నాడు. నిజమేనా?
– ఒక రొయ్యల రైతు

జవాబు: లిఫ్టు వెయ్యి కిలోలను లేపుతుందన్న మాట నిజమే కావచ్చు. అంత బరువును ట్రాక్టరు నిలకడగా మోయగలదా అన్నది వేరే ప్రశ్న. పుస్తకంలో మీరు చూసిన అంకె హైడ్రాలిక్కు బలాన్ని చెప్పేది. లింకుల చివర, లేదా అక్కడి నుంచి 610 మిల్లీమీటర్లు వెనక, ఎంత బరువును లేపగలదో కొలిచి ఆ అంకె ఇస్తారు. ఆ బరువు వెనక వేలాడుతుండగా ముందు చక్రాలు నేలను అంటుకొని ఉంటాయో లేదో ఆ అంకె చెప్పదు.

ఎద్దుల బండి తోలిన ఇళ్ళ వాళ్ళకు ఈ సంగతి కొత్తగా చెప్పనక్కర లేదు. బస్తాలన్నీ బండి వెనక భాగాన వేస్తే కాడి పైకి లేచి, పలుపులు ఎద్దుల మెడకు బిగుసుకుంటాయి. ఇరుసుకు అటూ ఇటూ బరువు సరిచూసుకొని గానీ మన పెద్దలు బండి కదిలించేవారు కాదు. ట్రాక్టరు వెనక ఫోర్కులు పెట్టినప్పుడు దాని వెనక యాక్సిలే బండి ఇరుసు అవుతుంది, ఇంజనూ ముందు చక్రాలూ కాడి వైపు అవుతాయి.

లెక్క ఎలా వేయాలో ఒక ఉదాహరణతో చెబుతాను. మీ ట్రాక్టరు మొత్తం బరువు 1,700 కిలోలనీ, అందులో ముందు చక్రాల మీద పడేది 650 కిలోలనీ, ముందు యాక్సిలుకూ వెనక యాక్సిలుకూ మధ్య దూరం 1.85 మీటర్లనీ అనుకుందాం. 650ని 1.85తో హెచ్చవేస్తే సుమారు 1,200 వస్తుంది. ఇది ట్రాక్టరును నేలకు పట్టి ఉంచే బలం. దీనిని ముందు పట్టు అందాం. ఇక వెనక వైపు చూడండి. లింకుల చివర యాక్సిలు నుంచి దాదాపు 90 సెంటీమీటర్ల వెనక ఉంటుంది, ఫోర్కుల చట్రం మందం మరో పది సెంటీమీటర్లు, మీటరు ప్యాలెట్ మధ్యబిందువు అక్కడి నుంచి యాభై సెంటీమీటర్లు. అంటే మేత బరువంతా యాక్సిలుకు 1.5 మీటర్ల దూరాన వేలాడుతోంది. వెయ్యి కిలోలను 1.5తో హెచ్చవేస్తే 1,500. ఫోర్కుల చట్రం 120 కిలోలు ఉంటుందనుకుంటే దాని వాటా మరో 130. వెనక లాగుడు 1,630, ముందు పట్టు 1,200. లిఫ్టు లీవరు లాగగానే బస్తాలు లేవవు, ముందు చక్రాలు లేస్తాయి.

చక్రాలు నేలను తాకి ఉంటే చాలదు, స్టీరింగు మాట వినాలి కూడా. ట్రాక్టరు సొంత బరువులో కనీసం ఐదో వంతు ఎల్లప్పుడూ ముందు చక్రాల మీద మిగలాలన్నది పాటించవలసిన కొలత. మన ఉదాహరణలో అది 340 కిలోలు. ఆ మేరకు మిగిల్చి లెక్కవేస్తే, ఏ ఎదురు బరువూ లేకుండా మీరు సురక్షితంగా మోయగలిగింది 294 కిలోలు, అంటే పదకొండు బస్తాలు. ముందు బంపరు దగ్గర, ముందు యాక్సిలు కంటే 60 సెంటీమీటర్లు ముందుకు, 250 కిలోల ఇనుప బరువులు గట్టిగా బోల్టులతో బిగిస్తే మోత 700 కిలోలకు పెరుగుతుంది, అంటే ఇరవై ఎనిమిది బస్తాలు. నలభై బస్తాల ఆశ వదులుకొని, ఇరవై ఎనిమిదితో రెండు విడతలుగా తోలడమే నా సలహా.

ఇవి నా ఉదాహరణ అంకెలు. మీ ట్రాక్టరు అంకెలు మీరే తెలుసుకోవాలి, అది కష్టమేమీ కాదు. దగ్గరలోని కాటాకు తీసుకుపోయి, ముందు చక్రాలు మాత్రమే పళ్ళెం మీద ఉండేలా నిలిపి ఒకసారి, బండి మొత్తం ఎక్కించి ఒకసారి తూకం వేయించండి. టేపుతో యాక్సిళ్ళ మధ్య దూరం కొలవండి. ఆ మూడు అంకెలు చేతికి రాకముందు వెల్డింగు షాపు గడప తొక్కవద్దు.

చాలామంది ఎదురు బరువు బదులు వెనక టైర్లలో నీళ్ళు నింపించి నిశ్చింతగా ఉంటారు. దమ్ములో పట్టు కోసం నీళ్ళు నింపడం మంచిదే, కానీ ఇక్కడ అది అక్కరకు రాదు. వెనక యాక్సిలే తూకపు ముల్లు అయినప్పుడు సరిగ్గా ఆ ముల్లు మీద పెట్టిన బరువు ఏ వైపునూ కిందికి దింపదు. టైర్ల నీరు పక్కకు ఒరగకుండా కొంత సాయపడుతుందే గానీ ముందు లేవడాన్ని ఆపదు.

మరో రెండు విషయాలు. లింకుల మీద ఫోర్కులు లారీ తొట్టి ఎత్తుకు చేరవు. కాబట్టి ఈ పద్ధతి నేల మీద ఉన్న ప్యాలెట్‌ను మరో చోటికి మోయడానికే పనికివస్తుంది, లారీ నుంచి దించుకోవడానికి కాదు. పైకి లేచేకొద్దీ ఫోర్కుల వాలు కూడా మారుతుంది, అందుకని టాప్ లింకును (పైన ఉండే మూడో లింకును) ముందే సరిచేసుకొని, బస్తాలు ట్రాక్టరు వైపు కొద్దిగా వాలి ఉండేటట్లు చూసుకోండి. రెండో విషయం గట్టు ఎక్కడం గురించి. బరువుతో గట్టు ఎక్కేటప్పుడు ముందుకు తోలితే వాలు కూడా వెనక లాగుడుకు తోడవుతుంది. రివర్స్ గేరులో, ఫోర్కులు ఎగువ వైపుకు ఉండేలా ఎక్కండి. దిగేటప్పుడు ముందు గేరులోనే దిగండి, అప్పుడూ ఫోర్కులు ఎగువ వైపే ఉంటాయి. బరువును నేలకు జానెడు ఎత్తుకు మించి లేపి నడపవద్దు. వానకు నానిన గట్టు అంచు మీద ఈ పని అసలే వద్దు.

ప్రశ్న: కోవూరు దగ్గర మాకు చిన్న బియ్యం మిల్లు ఉంది. కొత్త ఫోర్క్‌లిఫ్టు కొనే స్తోమత లేదు. పాత ట్రాక్టరుకు వెనక మాస్ట్ (ఫోర్కులు పైకీ కిందికీ జారే నిలువు చట్రం) నిలబెట్టి, సీటూ స్టీరింగూ వెనక్కి తిప్పి, పూర్తి ఫోర్క్‌లిఫ్టుగా మార్చిస్తామని ఒక షెడ్డువాళ్ళు అంటున్నారు. పుట్టి ధాన్యాన్ని మూడు మీటర్ల ఎత్తుకు లేపాలన్నది మా అవసరం. ఇది నమ్మదగిన పద్ధతేనా? గేర్ల సంగతి ఏమిటి?
– ఒక మిల్లు యజమాని

జవాబు: పద్ధతి నమ్మదగినదే. ఫ్రాన్సులోని అన్సెనీ అనే ఊళ్ళో మార్సెల్ బ్రో అనే ఆయన 1958లో చేసింది అచ్చంగా ఇదే. ట్రాక్టరు మీద డ్రైవరు కూర్చునే దిక్కును తిప్పి, వెనక యాక్సిలు వైపు మాస్ట్ బిగించారు. ఎగుడుదిగుడు నేల మీద తిరిగే ఫోర్క్‌లిఫ్టులకు పేరుపడిన మానిటూ కంపెనీ ఆ యంత్రంతోనే మొదలైంది. పెద్ద చక్రాలు బరువు వైపు ఉండటం, ఇంజను ఎదురు బరువుగా పనిచేయడం, స్టీరింగు చక్రాలు అవతలి కొసన ఉండటం ఫోర్క్‌లిఫ్టుకు కావలసిన లక్షణాలే, అవి తిరగేసిన ట్రాక్టరులో సహజంగానే ఉన్నాయి.

మొదట బరువు లెక్క చూద్దాం. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. మాస్ట్‌ను యాక్సిలుకు ఎంత దగ్గరగా పెట్టినా, ప్యాలెట్ వెనక టైర్లకు తగలకుండా ఉండాలంటే ఫోర్కుల మడమ (నిలువు భాగం అడ్డంగా తిరిగే వంపు) యాక్సిలుకు దాదాపు 65 సెంటీమీటర్ల దూరాన ఉండాలి. అక్కడి నుంచి ప్యాలెట్ మధ్యకు మరో యాభై. 850ని 1.15తో హెచ్చవేస్తే 977. మాస్ట్ బరువు 300 కిలోలనుకుంటే దాని వాటా 165. పై జవాబులోని ట్రాక్టరునే తీసుకుంటే ముందు పట్టు 1,200, వెనక లాగుడు 1,140. ముందు చక్రాల మీద మిగిలేది ముప్పై కిలోలు, అంటే ఇద్దరు పిల్లలు కలిసి ఎత్తేయగలిగినంత. అదే ట్రాక్టరుకు ఇంజను ముందు 350 కిలోల ఎదురు బరువు బిగిస్తే స్టీరింగు చక్రాల మీద దాదాపు 500 కిలోలు నిలుస్తాయి. అప్పుడు యంత్రం మాట వింటుంది.

ఆ 500 కిలోలు కూడా ఎప్పుడూ అలాగే ఉండవు. పుట్టి బరువును రెండున్నర మీటర్ల ఎత్తున ఉంచి, మాస్ట్‌ను ఐదు డిగ్రీలు ముందుకు వాల్చారనుకోండి; బరువు 20 సెంటీమీటర్లకు పైగా బయటికి జరుగుతుంది, స్టీరింగు చక్రాల మీది బరువు ఏకంగా వంద కిలోలు పడిపోతుంది. అటువంటి సమయంలో బ్రేకు గట్టిగా తొక్కితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు. ఎత్తులో ఉన్నప్పుడు మాస్ట్ ముందుకు వాల్చేది అట్టె (పేర్చిన బస్తాల దొంతర) మీద బరువు దించే ఆ క్షణంలోనే, బండి పూర్తిగా ఆగి ఉన్నప్పుడే. పక్కలకు కూడా జాగ్రత్త అవసరం. ట్రాక్టరు ముందు యాక్సిలు మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి, నాలుగు చక్రాలున్నా బండి నిలబడేది మూడు కాళ్ళ పీట మీదే: రెండు పెద్ద చక్రాలు, ఆ పిన్ను. బరువు పైకి లేపి మలుపు తిప్పితే ఆ ముక్కాలి పీట అంచు దాటడానికి ఎంతో సేపు పట్టదు. మీ మిల్లు కళ్ళం సిమెంటు చేసి సమంగా ఉంటేనే ఈ పనికి దిగండి.

గేర్ల విషయానికి వస్తే, మన పాత ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి ఎనిమిది ముందు గేర్లు, రెండు రివర్స్ గేర్లు ఉంటాయి. సీటు తిప్పగానే మీకు ముందుకు పోవడానికి రెండు, వెనక్కి పోవడానికి ఎనిమిది మిగులుతాయి. దీనికి విరుగుడుగా డిఫరెన్షియలులోని (వెనక చక్రాలకు తిరుగుడు పంచే పెట్టెలోని) క్రౌన్ వీలు అనే పెద్ద పళ్ళ చక్రాన్ని, దానిని తిప్పే చిన్న పళ్ళ చక్రమైన పినియనుకు ఈ వైపు నుంచి ఆ వైపుకు మార్చి దిక్కు తిప్పే పద్ధతి ఒకటి ఉంది. అన్ని నమూనాల్లోనూ లోపల అందుకు చోటు ఉండదు. చోటున్నా పళ్ళ మధ్య సందు సరిగ్గా కుదర్చగల చెయ్యి కావాలి, లేకపోతే నాలుగు నెలల్లో పళ్ళు రాలిపోతాయి. మిల్లు ఆవరణలో యాభై గజాలు తిరగడానికి రెండు రివర్స్ గేర్లు ధారాళంగా సరిపోతాయి. వేగం తక్కువగా ఉండటం ఇక్కడ మేలే, ఎందుకంటే తిరగేసి నడిపే ట్రాక్టరు స్టీరింగు దానంతటది నిటారుకు రాదు, వేగం పెరిగితే తోక ఊపుతుంది. మలుపులో ఆ తోక, అంటే ఇంజనూ ఎదురు బరువూ ఉన్న కొస, పక్కకు విసురుగా వస్తుంది. పక్కన నిలబడి చూసే హమాలీలకు దెబ్బలు తగిలేది ఎక్కువగా ఆ వైపు నుంచే. ఎదురు బరువు పెట్టాక చేతి స్టీరింగు భుజాలు పడగొడుతుంది కాబట్టి పవర్ స్టీరింగు పెట్టించుకోవడం అనవసరపు ఖర్చు అనుకోవద్దు.

హైడ్రాలిక్కు గురించి షెడ్డువాళ్ళను ఒక ప్రశ్న తప్పక అడగండి: క్లచ్చు తొక్కినప్పుడు పంపు ఆగుతుందా, తిరుగుతూనే ఉంటుందా? కొన్ని పాత నమూనాల్లో పంపు పీటీఓ షాఫ్టు (వెనక తగిలించే యంత్రాలను తిప్పే ఇరుసు) మీద నుంచి తిరుగుతుంది. ఒంటి క్లచ్చు ఉన్న బండి అయితే క్లచ్చు తొక్కగానే లిఫ్టు కూడా ఆగిపోతుంది. అట్టె ముందు అంగుళం అంగుళం జరుగుతూ బరువు లేపాల్సిన పనిలో అది పెద్ద చిక్కు. డబుల్ క్లచ్చు ఉన్న ట్రాక్టరును ఎంచుకోవాలి, లేదా ఇంజనుకు నేరుగా విడి పంపు బిగించుకోవాలి.

సిలిండరు ఎంత పెద్దదైతే అంత మంచిదని అనుకోవద్దు. గొలుసుతో పనిచేసే మాస్టులో సిలిండరు ఒక అడుగు లేస్తే ఫోర్కులు రెండు అడుగులు లేస్తాయి, అందుకు బదులుగా సిలిండరు మీద రెట్టింపు బరువు పడుతుంది. పుట్టి ధాన్యం, ఫోర్కులు, కదిలే చట్రం కలిపి వెయ్యి కిలోలనుకుంటే సిలిండరు తొయ్యవలసింది రెండు వేల కిలోలు. 63 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న సిలిండరు 150 బార్ ఒత్తిడి దగ్గర నాలుగున్నర వేల కిలోలకు పైనే తొయ్యగలదు, కాబట్టి బలానికి కొదవ లేదు. మూడు మీటర్లు లేపడానికి ఆ సిలిండరు ఒకటిన్నర మీటర్లు సాగాలి, అందుకు దాదాపు ఐదు లీటర్ల నూనె కావాలి. నిమిషానికి పదిహేను లీటర్లు ఇచ్చే పంపు ఆ పనికి ఇరవై సెకన్ల వరకూ తీసుకుంటుంది. చాలా ట్రాక్టర్లలో ఈ నూనె గేరుబాక్సుతో కలిసి ఉన్న తొట్టిలోదే కాబట్టి, సిలిండరు పూర్తిగా సాగి ఉన్నప్పుడు కూడా అందులో మట్టం తగ్గకుండా చూసుకోవాలి. ట్రాలీ లేపడానికి ఇచ్చిన గొట్టపు రంధ్రం లేపే సిలిండరుకు చాలు. మాస్ట్‌ను ముందుకూ వెనక్కూ వాల్చే సిలిండర్లకు రెండు వైపులా నూనె తోసే వేరే వాల్వు కావాలి. లేపే సిలిండరు అడుగునే ఒక భద్రతా వాల్వు పెట్టించండి, పైపు పగిలినా బరువు ధడేలున పడకుండా నెమ్మదిగా దిగేలా చేసేది అదే. పైపు ఎక్కడైనా కారుతోందేమోనని చేత్తో తడిమి చూడవద్దు. ఆ ఒత్తిడిలో సూదిబెజ్జం గుండా వచ్చే నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోతుంది. అట్టముక్క పట్టి చూడండి.

ఇక ఫోర్కులు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. మందపాటి ప్లేటు కోసి, మూల దగ్గర వెల్డింగు చేసి ఫోర్కులని ఇస్తే తీసుకోవద్దు. చాలా ఏళ్ళ కిందట ఒక మిల్లు నుంచి అటువంటి జత ఒకటి మా షెడ్డుకు వచ్చింది. పైకి చూస్తే కొత్త పసుపు రంగుతో నిగనిగలాడుతోంది. ఎడమ ఫోర్కు కొంచెం వాలినట్లుంది, నిటారు చేసి ఇమ్మన్నారు. నేను మడమ దగ్గర రంగు గీకించి, కిరసనాయిలు పూసి, పావుగంట ఆగి, గుడ్డతో పొడిగా తుడిచి, సుద్దపొడి చల్లాను. తెల్లటి సుద్ద మీద వెల్డింగు పక్కనే వెంట్రుక లాంటి ఒక గీత మెల్లగా తడిసి, ఫోర్కు వెడల్పులో సగానికి పైగా పాకింది. బీటలోకి దూరిన కిరసనాయిలు తిరిగి బయటికి వస్తోందన్నమాట. అంతకు ముందు రోజు వరకూ ఆ ఫోర్కుల కిందనే ఒక మనిషి వంగి ప్యాలెట్లు సర్దాడు.

పాత ఫోర్క్‌లిఫ్టుల నుంచి విప్పిన, ఒకే కమ్మీని కాల్చి వంచిన అసలు ఫోర్కులు చెన్నై పాత సామాన్ల అంగళ్ళలో దొరుకుతాయి; మన జిల్లాకు ఆ ఊరు దూరమేమీ కాదు. మాస్టు కూడా గొలుసులతో సహా అక్కడే పూర్తి సెట్టుగా తీసుకోవడం, ఇక్కడ చానళ్ళు అతికించి చేయించడం కంటే మేలు. టన్ను నుంచి రెండున్నర టన్నుల తరగతి ఫోర్కులు తగిలించే పలక ఎత్తు 407 మిల్లీమీటర్లు ఉంటుంది. మాస్టూ ఫోర్కులూ వేర్వేరు చోట్ల కొంటే ఆ కొలత సరిచూడండి. ఫోర్కు మడమ మందం కొత్తదాని కంటే పదో వంతు అరిగితే దాని బలం ఐదో వంతు పోయినట్లే, దానిని పక్కన పెట్టవలసిందే. గొలుసు విషయంలో, కొత్తగా ఉన్నప్పుడు వంద సెంటీమీటర్లున్న తునక 103కు సాగితే మార్చేయాలి.

చివరగా, ఇంత చేశాక వెనక యాక్సిలు మీద ఎంత పడుతుందో మరువకండి. మన ఉదాహరణలో ఒంటి ట్రాక్టరుకు అక్కడ 1,050 కిలోలు ఉంటే, పుట్టి ఎత్తినప్పుడు అది 2,700కు చేరుతుంది. టైరు పక్కన అచ్చు వేసి ఉన్న బరువు పరిమితి, గాలి ఒత్తిడి చదివి, పాత బీటలు వారిన టైర్లయితే మార్చాకే పని మొదలుపెట్టండి. కుడి ఎడమ బ్రేకు పెడళ్ళను కలిపి ఉంచే కొక్కెం ఎప్పుడూ వేసే ఉండాలి. డ్రైవరు తల మీద ఇనుప చట్రం లేకుండా బస్తాలు ఎత్తుకు లేపే యంత్రాన్ని నడపనివ్వవద్దు.

ప్రశ్న: మాది కొండపి వైపు. పొగాకు బేళ్ళు గోదాములో ఒకదాని మీద ఒకటి పేర్చడానికి ఇటువంటి యంత్రం వాడవచ్చా?
– ఒక పొగాకు రైతు

జవాబు: ఆరుబయట లారీ దగ్గరి వరకు వాడండి, మూసిన గోదాము లోపల వద్దు. డీజిల్ పొగ నాలుగు గోడల మధ్య నిలిస్తే మనుషులకు ప్రమాదం. పొగాకు తన చుట్టూ ఉన్న వాసనను పట్టేసుకునే సరుకు, ఏడాది కష్టం పొగ కంపుతో గ్రేడు దిగజారితే బాధ మీదే. పైగా పాత ఇంజను సైలెన్సరు నుంచి నిప్పురవ్వలు ఎగరడం మామూలే, చుట్టూ ఉన్నదేమో ఎండిన ఆకు, గోనె గుడ్డ. బయట వాడేటప్పుడు కూడా సైలెన్సరుకు రవ్వలను ఆపే జాలీ పెట్టించండి. గోదాము లోపలికి చేతితో నడిపే హైడ్రాలిక్ ట్రాలీ ఒకటి కొనుక్కుంటే రెండు పనులూ సాగుతాయి.

ప్రశ్న: చీమకుర్తిలో మాకు పాలిషింగు యూనిట్ ఉంది. ట్రాక్టరు ఫోర్కులకు బెల్టు వేసి గ్రానైట్ పలకలు వేలాడదీసి మోయవచ్చా? ఒక్కో పలక తేలికే కదా.
– ఒక యూనిట్ నిర్వాహకుడు

జవాబు: వద్దు. తేలికన్న మాట ముందు సరిచూద్దాం. మీ నల్ల గెలాక్సీ రాయి రెండు సెంటీమీటర్ల మందాన చదరపు మీటరుకు దాదాపు అరవై కిలోలు తూగుతుంది. మూడు మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు పలక ఒక్కటే మూడు వందల కిలోలు దాటుతుంది. ఫోర్కు మీద కూర్చున్న బరువు కదలదు, బెల్టుకు వేలాడే బరువు బండి ఆగినప్పుడల్లా ఊగుతుంది. ఆ ఊపులో పైన వేసిన లెక్కలన్నీ తారుమారవుతాయి. ఊగే పలకను ఆపడానికి పక్కనున్న కుర్రవాడు చెయ్యి అడ్డం పెడతాడు, అది మనిషి సహజం. ఆ చెయ్యి ఎక్కడ నలుగుతుందో నేను రాయలేను. పలకలను నిలబెట్టే ఇనుప స్టాండ్లూ, పైన పట్టాల మీద నడిచే క్రేనూ మీ పనికి తగినవి. పలకల ముక్కలు, పాలిషింగు పొడి పెట్టెల్లో పోసి ప్యాలెట్ మీద తరలించడానికైతే ట్రాక్టరు ఫోర్కులు నిక్షేపంగా వాడుకోండి.

ప్రశ్న: కావలిలో మా అబ్బాయి స్నేహితులతో కలిసి పాత ట్రాక్టరును ఫోర్క్‌లిఫ్టుగా చేశాడు. చుట్టుపక్కల గోదాములకు అద్దెకు తిప్పుతానంటున్నాడు. రిజిస్ట్రేషన్ చిక్కులు వస్తాయా? వాడిని దాని మీద కూర్చోనివ్వడానికి ముందు నేను ఏమి చూసుకోవాలి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ రెండు ప్రశ్నలూ సరైనవే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని యజమాని మార్చుకోకూడదు. సీటు తిప్పి మాస్ట్ నిలబెట్టిన ట్రాక్టరు ఆ పత్రంలోని ట్రాక్టరు కాదు. అదే చట్టం 2వ సెక్షనులో మోటారు వాహనం అనే మాటకు ఇచ్చిన అర్థం నుంచి, ఫ్యాక్టరీలోనో చుట్టూ మూసిన ఆవరణలోనో మాత్రమే వాడటానికి తయారైన ప్రత్యేక వాహనాలను మినహాయించారు. కాబట్టి ఒకే మిల్లు ఆవరణలో ఉండిపోయే యంత్రానికి ఒక దారి ఉంది. ఊరి రోడ్ల మీద గోదాము నుంచి గోదాముకు తిరిగే దానికి లేదు. యంత్రాన్ని ఒక గోదాములోనే స్థిరంగా పెట్టదలచుకుంటే, ముందుగా ఆర్టీఓ కార్యాలయానికి వెళ్ళి పాత రిజిస్ట్రేషను రద్దు చేయించుకోవడం గురించి రాతపూర్వకంగా అడగమనండి. వ్యవసాయానికని కట్టిన బీమా ఈ పనికి వర్తిస్తుందని నమ్ముకోవద్దు. ఆ సంగతి కూడా కంపెనీ నుంచి కాగితం మీద తీసుకోవాలి. అద్దెకు తిప్పే ఆలోచనను మాత్రం మాన్పించండి. ప్రతి గోదాములో నేల వేరు, వాలు వేరు, తొందరపెట్టే మనుషులు వేరు.

ఇక చూసుకోవలసినవి. కిందటి జవాబుల్లో చెప్పిన కాటా తూకం చేయించారో లేదో మొదట అడగండి. చీటీ చూపించలేకపోతే యంత్రం తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి. తూకం ఉంటే ఒక పరీక్ష మీ కళ్ళముందే చేయించవచ్చు. సమమైన నేల మీద, చుట్టూ ఎవరూ లేకుండా, తూకం తెలిసిన బస్తాలను ఫోర్కుల మీద పేర్చి, మనిషి నడుమెత్తు వరకు లేపి ఇంజను ఆపేయమనండి. ఫోర్కుల పలక ఎక్కడ ఉందో మాస్ట్ మీద సుద్దతో గీత గీయించి, పది నిమిషాలు ఫోర్కులకు దూరంగా కూర్చోండి. ఆ పది నిమిషాల్లో పలక గీత కంటే పది సెంటీమీటర్లకు మించి దిగితే సిలిండరు సీళ్ళో వాల్వో అరిగాయని అర్థం, మరమ్మతు అయ్యేదాకా పని ఆపాలి. గీత దగ్గరే నిలిస్తే అదే బరువును నేలకు జానెడు ఎత్తున ఉంచి, బండిని మళ్ళీ కాటాకు తీసుకుపోయి, ఎదుటి కొసన ఉన్న స్టీరింగు చక్రాలను మాత్రమే పళ్ళెం మీద నిలిపి తూకం వేయించండి. ట్రాక్టరు సొంత బరువులో ఐదో వంతు కంటే ఎక్కువ చూపిస్తే ఆ బస్తాల సంఖ్యే ఆ యంత్రం మోత. ఎత్తుకు లేపినప్పుడు బరువు జరుగుతుంది కాబట్టి అందులో రెండు బస్తాలు తగ్గించి, మిగిలిన అంకెను రేకు పలక మీద పెద్ద అక్షరాలతో రాయించి, మీ అబ్బాయి కూర్చునే చోట కళ్ళెదుట బోల్టులతో బిగించమనండి.